స్పూన్ బాబాయ్

ఆమె ఉద్యోగం పేరు నియామకపత్రంలో ఒక వరుసంతా పరుచుకుని ఉండేది: విజువల్ ఇన్‌స్ట్రక్షనల్ డిజైనర్. ఆ పేరు విన్నవాళ్ళు "ఓహో" అని గట్టిగా తలూపి, వెంటనే వాతావరణం గురించి మాట్లాడేవాళ్ళు. భర్త కూడా పెళ్ళయిన కొత్తలో ఎవరైనా అడిగితే "యూనివర్సిటీలో... కంప్యూటర్ పని" అని నీళ్ళు నమిలేవాడు. అత్తగారు ఒక్కతే పట్టుబట్టి కూర్చోబెట్టి అడిగింది.

"ఆ బిజినెస్ స్కూల్లో ప్రొఫెసర్లున్నారు కదా. మరి నువ్వేం చేస్తావు?"

"వాళ్ళు చెప్పే పాఠాలకి బొమ్మలు వేస్తాను అత్తయ్యా. వీడియోలు చేస్తాను. ఏది ముందు చూపించాలి, ఏది తర్వాత చూపించాలి, ఎక్కడ ఆపాలి, అదంతా నేనే చూస్తాను."

అత్తగారు కాసేపు ఆలోచించింది. "అంటే పాఠం నిద్రలేచి జుట్టు విరబోసుకుని వస్తుంది. నువ్వు తల దువ్వి, మంచి బట్టలు తొడిగి జనంలోకి పంపిస్తావు. అంతేనా?"

"అంతే అత్తయ్యా."

ఆనాటి నుంచి ఎవరడిగినా అత్తగారు ఒకటే జవాబు చెప్పేది. "మా కోడలు పాఠాలకి ముస్తాబు చేస్తుంది." బిజినెస్ స్కూల్లో వాళ్ళు అంత దూరం కూడా పోలేదు. బొమ్మలమ్మ అని పిలిచి ఊరుకున్నారు.

బొమ్మలు వెయ్యడం ఆమెకి చిన్నప్పుడే పట్టుకున్న జబ్బు. బళ్ళో లెక్కల మాస్టారి బొమ్మ వేసినందుకు గది బయట నిలబెడితే, వరండాలో వచ్చేపోయే వాళ్ళందరి బొమ్మలూ వేసింది. ఆ శిక్ష వల్ల ఆమెకి కొత్త మొహాలు దొరికాయి, మాస్టారికి ఏ లాభమూ రాలేదు. పెద్దయ్యాక ఒక ప్రకటనల కంపెనీలో చేరింది. అక్కడ షాంపూ ప్రకటనల కోసం వెంట్రుకలు గీసీ గీసీ, రాత్రి అన్నంలో వెంట్రుక కనబడితే వంక పెట్టకుండా దాని మెరుపు చూస్తూ కూర్చునే స్థితికి వచ్చి, ఆ ఉద్యోగం మానేసింది.

బిజినెస్ స్కూల్లో ఆమె గది పైఅంతస్తులో, వరండా చివర, జిరాక్స్ మెషీన్‌కీ విరిగిన కుర్చీల కొట్టుకీ మధ్య ఉండేది. రెండు తెరలు, గీసీ గీసీ మధ్యలో నున్నగా అరిగిపోయిన పలక లాంటి పెన్ టాబ్లెట్, పక్కన రికార్డింగ్ గది. ఆ గది గోడలకి శబ్దం మార్మోగకుండా పాత దుప్పట్లు వేలాడదీశారు. తలుపు మీద ఆమె స్వహస్తాలతో రాసి అంటించిన కాగితం ఉండేది: "బల్బులకు, కరచాలనాలకు, కొండలెక్కే మనుషులకు ప్రవేశం లేదు." ఎందుకంటే ప్రొఫెసర్లకి కొత్త ఆలోచన అంటే బల్బు, ఒప్పందం అంటే రెండు చేతులు కలపడం, నాయకత్వం అంటే కొండ కొసన నడుం మీద చేతులేసుకుని నిలబడ్డ మనిషి. ఇంకో బొమ్మ ఉంటుందని వాళ్ళకి తోచేది కాదు. ఆ కాగితం చూసి డీన్ గారు ఒకసారి నొచ్చుకున్నారు. ఆయన ఉపన్యాసంలో కొండ ఉంది.

చేసిన పాఠం ఎలా వచ్చిందో తేల్చేది మాత్రం ఏ కమిటీ కాదు, అత్తగారే. సాయంత్రం వంటింటి బల్ల మీద లాప్‌టాప్‌ని డబ్బాకి ఆనించి పెట్టి బొమ్మలమ్మ పాఠం నడిపించేది. అత్తగారు కూరలు తరుగుతూ చూసేది. కత్తి చప్పుడు ఆగిపోతే పాఠం బాగున్నట్టు. కత్తి తన మానాన తాను నడుస్తుంటే ఫరవాలేనట్టు. ఆవలింత వచ్చిందా, మర్నాడు పొద్దున్నే మళ్ళీ మొదట్నుంచి గీసుకోవాలి.

ఇలా ఉండగా క్యూ సారు పాఠం ఆమె నెత్తిన పడింది.

క్యూ సారు చదువంతా వరుసల్లో నిలబడే జనం గురించి. బ్యాంకుల్లో, ఆసుపత్రుల్లో, విమానాశ్రయాల్లో జనం ఎందుకు నిలబడతారు, ఎన్ని కౌంటర్లు పెడితే ఎంతసేపట్లో కదులుతారు, పక్క వరుసే ఎప్పుడూ ఎందుకు తొందరగా పోతున్నట్టు కనబడుతుంది, ఇవి ఆయన పాఠాలు. క్లాసులో ఆయన్ని చూసి తీరాలి. కుర్చీలు జరిపేవారు, పిల్లల్ని లేపి వరుసల్లో నిలబెట్టేవారు, తానే గుమస్తా అయ్యేవారు, తానే విసుక్కునే ముసలాయన అయ్యేవారు. అలాంటి మనిషి కెమెరా ముందుకి వచ్చేసరికి కొయ్యబారిపోయేవారు.

"సార్, కొంచెం నవ్వండి," అన్నాడు కెమెరామన్.

క్యూ సారు నవ్వారు. పళ్ళ డాక్టరు ముందు నోరు తెరిచినట్టుంది.

"పోనీ నవ్వొద్దు సార్. మీ పేరు చెప్పి మొదలెట్టండి."

"నమస్కారం. నేను..." అని ఆగి, క్యూ సారు సాయం కోసం బొమ్మలమ్మ వైపు చూశారు. పేరు మర్చిపోయారు!

చివరికి బొమ్మలమ్మే దారి కనిపెట్టింది. కెమెరామన్‌ని టీకి పంపించి, దీపాలార్పించి, మైకు ఒక్కటి పెట్టి, "మీరు కనబడక్కర్లేదు సార్. గొంతు చాలు. మిగతాది నేను గీస్తాను. నాకు చెప్పండి, నాకేం తెలీదనుకుని" అంది. ఆ చీకట్లో, దుప్పట్ల మధ్య, క్యూ సారు గొంతు విప్పారు. ఇంక ఆపడం కష్టమైంది. క్యాంటీన్ వరుసనీ, అందులో మధ్యలో దూరేవాళ్ళనీ ఉదాహరణగా తీసుకుని ఆయన చెప్పిన పాఠం వింటూ బొమ్మలమ్మ చీకట్లోనే కాగితం మీద గీతలు గీసింది. బయటికొచ్చి చూసుకుంటే ఒకదాని మీద ఒకటి పడి గొంగళి పురుగులా ఉన్నాయి.

మర్నాడు అసలు క్యాంటీన్ ఎలా ఉంటుందో చూసి గీద్దామని మధ్యాహ్నం స్కెచ్ పుస్తకం పట్టుకుని వెళ్ళి వరుసలో నిలబడింది. ముందు ఓ డజను మంది, వెనక అంతే. గరిటెలు పట్టుకున్న వడ్డన మనిషి, ఆవిరి పట్టిన అద్దం, చివర డబ్బులు తీసుకునే ఆవిడ. బొమ్మలమ్మ వడ్డన మనిషి చెయ్యి గీస్తుండగా, పక్కనుంచి ఒక ఖాళీ ట్రే జారుకుంటూ వచ్చింది. దాని వెనక క్యూ సారు.

కళ్ళజోడు నెత్తి మీద. ట్రే గుండెలకి హత్తుకుని, మనిషి అడ్డంగా, ఎండ్రకాయలా నడుస్తూ. "ఒక్క స్పూన్ కోసమమ్మా, ఒక్క స్పూన్," అంటూ ఆమెని దాటారు. ఎవరిని దాటుతున్నారో కూడా చూడలేదు. స్పూన్ల డబ్బా దగ్గర ఆగి, ఒక స్పూన్ తీసుకుని, వెలుతురుకి పెట్టి చూసి, అది నచ్చనట్టు ఇంకొకటి తీసుకున్నారు. ఈలోగా వరుస ఒక్క అడుగు కదిలింది. ఆయనా దాంతోపాటు కదిలారు. "ఓహో, ఇవాళ ఇది ఉందా!" అని అద్దంలోకి వంగి ఆశ్చర్యపోయారు. ఆ ఆశ్చర్యం పూర్తయ్యేసరికి ట్రే నిండిపోయింది.

వరుసలో ఉన్నవాళ్ళందరూ చూశారు. ఎవరూ ఏమీ అనలేదు. ముందువాడు అంటాడని వెనకవాడు, వెనకవాడు అంటాడని ముందువాడు ఊరుకున్నారు.

బొమ్మలమ్మకి కోపం రాలేదు. ఎంత నాజూకైన పనితనం! వరుసల గురించి దేశదేశాల్లో ఉపన్యాసాలిచ్చిన మనిషి వరుసలో నిలబడడం ఎన్నడూ ఎరగరన్నమాట. ఆమె చెయ్యి దానంతటదే కాగితం మీద నడిచింది. నెత్తి మీద కళ్ళజోడు వచ్చింది, ఎండ్రకాయ నడక వచ్చింది, గుండెల మీద ట్రే వచ్చింది. ఊరికే సరదాకి, ముసాయిదా వరకే, తర్వాత తలకాయ మార్చేద్దాం అని తనకి తాను చెప్పుకుంది. అలా చెప్పుకుంటున్నప్పుడే మార్చబోనని ఆమెకి తెలుసు.

సాయంత్రం వంటింట్లో ఆ బొమ్మ కదలడం మొదలెట్టగానే కత్తి చప్పుడు ఆగిపోయింది.

"అమ్మాయ్! ఇతను అచ్చం మా చిన్నాడపడుచు మొగుడే!" అంది అత్తగారు. "ఆయన్ని నువ్వెప్పుడు చూశావు? మీ పెళ్ళికి కూడా రాలేదే?"

"ఆయన కాదు అత్తయ్యా."

"నాకు చెప్తావేంటి. ఆ నడకే నడక!"

ముసాయిదా చూడ్డానికి క్యూ సారు వచ్చారు. బొమ్మలమ్మ లోపలినుంచి "ఇదిగో సార్, అయిపోయింది, ఐదు నిమిషాలు" అంటుంటే, విరిగిన కుర్చీల్లో కాస్త తక్కువ విరిగింది చూసుకుని వరండాలో చాలాసేపు కూర్చున్నారు. ఎట్టకేలకు ఆమె లోపలికి పిలిచి తెర ముందు కూర్చోబెట్టింది. తిడితే ఏం చెప్పాలో కూడా సిద్ధం చేసుకుంది: పొరపాటు సార్, ఏదో ఫైల్ కలిసిపోయింది సార్.

తెర మీద ఎండ్రకాయ నడక మొదలైంది. బొమ్మ తల పక్కన అక్షరాలు వెలిగాయి: "ఒక్క స్పూన్ కోసమమ్మా!"

క్యూ సారు నవ్వారు. టైతో కళ్ళు తుడుచుకుంటూ, బల్ల చరుస్తూ నవ్వారు. తర్వాత తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించారు.

"ఈ దొంగ ఎవరో నాకు తెలుసు."

బొమ్మలమ్మ "పొరపాటు సార్" అనబోయింది.

"డీన్ కదూ?"

"నేనేం అనలేదు సార్."

"నువ్వనక్కర్లేదు. గుర్తు పట్టకుండా కళ్ళజోడు నెత్తి మీద పెట్టావు. తెలివైనదానివి. కానీ ఆ నడక దాస్తే దాగుతుందా?" అంటూ క్యూ సారు తన కళ్ళజోడు నెత్తి మీదికి తోసుకున్నారు. "భయపడకు. నా నోట్లోంచి మాట రాదు."

రికార్డింగ్ గది గాజు అద్దం అవతల కెమెరామన్ పిడికిలి నోట్లో కుక్కుకుని నేల మీద కూలబడ్డాడు.

డీన్ గారు చూశారు. "ఫైనాన్స్ పెద్దాయన్ని భలే పట్టేశావమ్మా" అని మెచ్చుకుని సంతకం పెట్టారు. ఫైనాన్స్ పెద్దాయన చూసి, "పోన్లే, డీన్ గారికి ఎవరో ఒకరు చెప్పాలిగా" అని నిట్టూర్చారు. ఆ భవనంలో ఆ బొమ్మ చూసినవాళ్ళందరికీ ఎవరో ఒకరు గుర్తొచ్చారు. ఎవరికీ వాళ్ళు గుర్తు రాలేదు. బొమ్మలమ్మ అద్దం ముందు నిలబడి తల దువ్వుకుంటూ తనలో తాను నవ్వుకునే రోజులవి. "ఏంటే, అంత సంతోషం?" అని భర్త అడిగితే "ఏం లేదు, ఆఫీసు పని" అనేది.

పాఠం ముందుగా ఒక క్లాసు పిల్లలకి చూపించి చూశారు. వాళ్ళు ఆ బొమ్మకి స్పూన్ బాబాయ్ అని పేరు పెట్టేశారు. వారం తిరక్కుండా క్యాంటీన్లో ఎవరు మధ్యలో దూరినా "స్పూన్ బాబాయ్ వచ్చాడోయ్!" అని వరుసంతా కేకలు. ఒక మధ్యాహ్నం క్యూ సారు ట్రేతో పక్కనుంచి వచ్చి స్పూన్ అందుకోగానే వెనకనుంచి అదే కేక వినబడింది. క్యూ సారు గిరుక్కున వెనక్కి తిరిగి, "ఎక్కడ? ఎక్కడ?" అని మునివేళ్ళ మీద లేచి అందరి తలల మీదుగా వెతికారు. దొరకలేదు. "తప్పించుకున్నాడు," అని నవ్వుకుంటూ ట్రే నింపుకుని వెళ్ళిపోయారు.

కోర్సు ప్రారంభానికి సెమినార్ హాల్లో చిన్న సభ పెట్టారు. డీన్ గారు మాట్లాడారు. కొండ వచ్చింది, వెళ్ళింది. ముందు వరుసలో క్యూ సారు పక్కన ఆయన భార్య కూర్చుంది. ఆవిడ పిల్లల డాక్టరు. ఎడతెరిపి లేని పనిలోంచి, భర్త గొంతు వినడానికని ప్రత్యేకంగా వచ్చింది. దీపాలు ఆరాయి. స్పూన్ బాబాయ్ ట్రే హత్తుకుని తెర మీదికి అడ్డంగా వచ్చాడో లేదో, డాక్టరమ్మ కెవ్వుమంది.

"ఏవండీ! ఇది మీరేనండీ!"

జనం తెర వదిలేసి ఆవిడ వైపు తిరిగారు.

"అయ్యో, అచ్చం మీరే! మన పెళ్ళి విందులో కూడా ఇలాగే కదండీ, స్పూన్ కోసమని వెళ్ళి నాకంటే ముందు తినేశారు!"

అంతే. ఆ నవ్వు వెనక వరుసలో మొదలై ముందుకొచ్చిందో, ముందు మొదలై వెనక్కెళ్ళిందో గాని, గోడలు అదిరాయి. అందరికంటే గట్టిగా నవ్వింది డీన్ గారు. తెర వెలుతుర్లో క్యూ సారు చెయ్యి మెల్లగా పైకి లేచి, నెత్తి మీది కళ్ళజోడు తీసి, ముక్కు మీద పెట్టుకోవడం బొమ్మలమ్మకి ప్రొజెక్టర్ పక్కనుంచి స్పష్టంగా కనబడింది. ఇన్నాళ్ళూ తనలో తాను నవ్వుకున్న ఆమెకి అప్పుడు నవ్వు రాలేదు. ఆ చెయ్యి లేచిన తీరు చూస్తే లోపలెక్కడో చివుక్కుమంది.

ఇంటికొచ్చి చెప్పులు కూడా విడవకుండా వంటింట్లో కూలబడింది. "పెద్దాయన్ని పదిమందిలో నవ్వులపాలు చేశాను అత్తయ్యా."

"నువ్వెక్కడ చేశావు? వాళ్ళావిడ చేసింది. నువ్వు బొమ్మే కదా వేశావు," అంది అత్తగారు. కత్తి పక్కన పెట్టి, "అయినా రేపు వెళ్ళి ఒక మాట చెప్పిరా. ఆయనేమన్నా అంటే పడు. పడాల్సిందే" అంది.

మర్నాడు క్యూ సారు గదికి తాళం వేసి ఉంది. క్యాంటీన్‌కి వెళ్ళి చూస్తే వరుస కొసన, అందరికంటే వెనక, ట్రే చేతిలో వేలాడేసుకుని నిలబడి ఉన్నారు. కళ్ళజోడు ముక్కు మీదే ఉంది. "సార్, ముందుకి రండి సార్" అని పిల్లలు జరుగుతున్నారు. "వద్దు, వద్దు" అని ఆయన తల అడ్డంగా ఊపుతున్నారు. బొమ్మలమ్మ వెళ్ళి ఆయన వెనక నిలబడింది.

"సార్..."

ఆయన తిరిగి చూడలేదు. "నేను నిజంగా అలా చేస్తానా అమ్మా?"

"చేస్తారు సార్."

"రోజూనా?"

"నేను చూసినప్పుడల్లా."

"నేను స్పూన్ కోసమే వెళ్తాననుకునేవాణ్ణి, తెలుసా? నిజంగా స్పూన్ కోసమే. ఆ తర్వాత ట్రే ఎలా నిండేదో, అది నేనెప్పుడూ ఆలోచించలేదు."

"తప్పయిపోయింది సార్. సాయంత్రానికల్లా మార్చేస్తాను. కళ్ళజోడు తీసేసి మీసం పెడతాను."

"మీసం పెడితే డీన్ అవుతాడు. వద్దు." క్యూ సారు ఇటు తిరిగారు. కోపంగా లేరు. ఆలోచనగా ఉన్నారు. "ఇంతసేపు నిలబడతారా జనం? ఇందాకట్నుంచి ఆ వడ్డన మనిషి ఒక్కడికే గరిటె తిప్పుతున్నాడు. కాళ్ళు లాగుతున్నాయి. పాఠంలో నేనొక ముక్క తప్పు చెప్పానమ్మా. వరుస పొడుగ్గా ఉంటే జనానికి చిరాకన్నాను. పొడుగు కాదు. ఎప్పటికి అవుతుందో తెలియకపోవడం, అదీ చిరాకు. ఇంకో పాఠం చెయ్యాలి."

"చేద్దాం సార్!" అంది ఆమె. ఆ క్షణంలో ఆయన ఏం అడిగినా చేసేదే.

"దానికి కొత్త పాత్ర కావాలి. ఒకావిడ. ఆవిడ గది ముందు ప్రొఫెసర్లందరూ విరిగిన కుర్చీల్లో వరుసగా కూర్చుని ఉంటారు. లోపల్నుంచి ఆవిడ 'ఇదిగో, అయిపోయింది, ఐదు నిమిషాలు' అంటూ ఉంటుంది. బయట వీళ్ళకి గడ్డాలు పెరుగుతూ ఉంటాయి." క్యూ సారు మొహంలో ఒక్క గీత కూడా కదల్లేదు. "ఆవిడ చెవి వెనక పెన్ను పెట్టుకుని, ఆ పెన్ను కోసం గదంతా వెతుక్కుంటూ ఉంటుంది."

బొమ్మలమ్మ చెయ్యి తనకి తెలియకుండానే చెవి వెనక్కి వెళ్ళింది. పెన్ను అక్కడే ఉంది.

"నేను నిజంగా అలా చేస్తానా సార్?"

"చేస్తావమ్మా."

"ఎప్పుడూనా?"

"నేను వచ్చినప్పుడల్లా," అన్నారు క్యూ సారు. అప్పుడు నవ్వారు. కెమెరా లేకపోతే ఎంత బాగా నవ్వుతారో! ముందువాళ్ళు తిరిగి చూశారు. వడ్డన మనిషి గరిటె ఆపి చూశాడు. వరుస ఇంకాస్త ఆలస్యమైంది.

అంతమందిని అవలీలగా గీసిన చెయ్యి తన బొమ్మ దగ్గరికొచ్చేసరికి మొరాయించింది. మొదటిసారి గీస్తే ఎవరో సినిమా తార వచ్చింది. సిగ్గుపడి చెరిపేసింది. రెండోసారి గీస్తే మరీ పిశాచం వచ్చింది. అదీ అబద్ధమే అనిపించింది. చివరికి ఫోన్‌ని బల్లకి ఆనించి, తను పని చేసుకుంటుంటే వీడియో తీసుకుని చూసుకుంది. పెదవి కొరుకుతుంది. తెరతో మాట్లాడుతుంది. తలుపు చప్పుడైతే తలెత్తకుండా "ఐదు నిమిషాలు" అంటుంది. అన్నాక మర్చిపోతుంది. ఆ మర్చిపోవడం చూసినప్పుడు తన మీద తనకే నవ్వొచ్చింది, కాస్త జాలి కూడా వేసింది. అప్పుడు గీసింది. ఆ పాఠం క్యూ సారుకి చెప్పిన రోజుకే అందించింది. ఆయన నమ్మలేక తేదీ చూసుకున్నారు.

భర్తకి చూపిస్తే, చాలాసేపు చూసి, "మా అమ్మని ఎందుకే ఇలా గీశావు?" అన్నాడు.

"మీ అమ్మా?"

"మరి? 'వస్తున్నా, ఐదు నిమిషాలు' అని పెళ్ళిళ్ళకి మమ్మల్ని గుమ్మంలో ఎంతసేపు నిలబెట్టేదని!"

అది విని అత్తగారు గరిటె పట్టుకుని బయటికొచ్చింది. తల్లీ కొడుకుల మధ్య ఆ తగువు భోజనాలయ్యేదాకా నడిచింది. బొమ్మలమ్మ మధ్యలో దూరలేదు.

ఆ పాఠం బయటికొచ్చాక బిజినెస్ స్కూల్లో ఒక వింత మొదలైంది. జిరాక్స్ తీసుకునే నెపంతో ప్రొఫెసర్లు బొమ్మలమ్మ గది ముందు అటూ ఇటూ తిరగసాగారు. ఒకాయన కొత్త కోటు వేసుకొచ్చారు. ఫైనాన్స్ పెద్దాయన తలుపు దగ్గర ఆగి, "నాలో గీయదగ్గ లక్షణమేదీ లేదనుకో" అని, కాదంటుందేమోనని కాసేపు నిలబడి, వెళ్ళిపోయారు. స్పూన్ బాబాయ్‌ని చూసి నవ్వినవాళ్ళందరికీ ఇప్పుడు తమని ఎవరూ గీయలేదని బెంగ పట్టుకుంది.

ఒకరోజు డీన్ గారే వచ్చారు. తలుపు మీద కాగితం చదివి, గొంతు సవరించుకుని లోపలికి వచ్చి, కుర్చీ కోసం చూశారు.

"నాయకత్వం మీద కోర్సు ఒకటి అనుకుంటున్నామమ్మా. కొండ వద్దులే. నీ పాఠాల్లోలా మనుషుల్ని పెడితే బాగుంటుంది." కిటికీలోంచి బయటికి చూస్తూ, ఏదో గుర్తొచ్చినట్టు అన్నారు. "ఎవరైనా ఒక మనిషి కావాలంటే... అంటే, నేననే కాదు. ఎవరైనా."

"మీకు అభ్యంతరం లేదా సార్?"

"నాకేం అభ్యంతరం? ఉన్నదున్నట్టు గియ్యి." ఆయన చొక్కా లోపలికి సర్దుకున్నారు. "పొట్ట ఒక్కటి కాస్త చూసుకో."

"అలాగే సార్. కొంచెం పక్కకి తిరగండి," అంది బొమ్మలమ్మ, చెవి వెనకనుంచి పెన్ను తీసుకుంటూ. డీన్ గారు ఊపిరి బిగబట్టి తిరిగారు.